రేవులు పోయిన తీరము

యాత్రలు రెండు విధములు. ఒంటరిగా పోవు యాత్ర యొకటి. మిత్రులతో గూడి పోవు యాత్ర మరియొకటి. ఒంటరివాడు తన మనస్సునకు నచ్చినదానినే చూచును, నచ్చనిదానిని దాటిపోవును. నలుగురు మిత్రులు కలిసి పోయినప్పుడు అట్లు దాటిపోవుటకు వీలులేదు. ఒకడు గమనింపనిదానిని వేరొకడు చూపును; ఒకడు తేలికగా నమ్మినదానిని మరియొకడు ప్రశ్నించును. సముద్రతీరమున ఈ భేదము మరింత స్పష్టముగా తెలియును. పైకి చూచుటకు తీరమంతయు నొక్కటే: ఇసుక, కెరటములు, సరుగుడు తోటలు. చదువనేర్చినవారికి మాత్రము అది విప్పిన పుస్తకము.

విశాఖపట్టణమునుండి కళింగపట్టణమువరకు గల ఉత్తరాంధ్రతీరము అట్టి పుస్తకములలో నొకటి. సంక్రాంతి సెలవులలో దానిని మూడు దినములు తిరిగి చూడవలెనని ఒక ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులు నలుగురు బయలుదేరిరి. ఒకరు తెలుగు పండితులు. సాంఘికశాస్త్రము చెప్పువారు ఇద్దరు. వారిలో ఒకరికి చరిత్రపైన, ఒకరికి భూగోళముపైన మక్కువ. నాలుగవ వారు ప్రకృతిశాస్త్రము బోధించు యువకులు. బస్సులే వాహనములు, ఒక్కొక్క చేతిసంచియే సామాను.

మొదటి యుదయము వారు విశాఖ నౌకాశ్రయమును దూరమునుండి చూచిరి. అక్కడ మాటలాడవలసిన వంతు భూగోళము మాస్టారిది. తూర్పుతీరమున సహజమైన రేవులు తక్కువ. తీరము చాలవరకు తిన్ననిది. ఓడను గాలినుండి, కెరటమునుండి కాపాడు మలుపులు అరుదు. పైగా నైరృతి ఋతుపవనకాలమున కెరటములు ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుటచే ఇసుక తీరము వెంబడి ఉత్తరముగా నడచును. కాలువ త్రవ్వినచో ఆ యిసుక వచ్చి పూడ్చివేయును. విశాఖవద్ద డాల్ఫిన్‌నోస్ అను కొండ ముక్కువలె సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి, వెనుకనున్న ఉప్పుటేటికి చాటుగా నిలిచినది. ఆ చాటును ఆధారము చేసికొని నౌకాశ్రయమును నిర్మించిరి. ఇసుకను, కెరటములను అడ్డుటకై రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకముగా ముంచి కట్టగా చేసిరి. 1933లో రేవు ప్రారంభమైనది. కాలువలో చేరు ఇసుకను నేటికిని తోడుచునే యుందురు. తోడిన దానిలో కొంత తెచ్చి, కోతకు గురియగుచున్న నగరపు ఒడ్డున పోయుదురు.

“ఒక్క రేవు బ్రతకాలంటే ఇంత శ్రమ ఉందన్నమాట! మరి కొండచాటు లేని రేవుల గతి ఏమిటండీ?” అని పండితులు అడిగిరి. దానికి సమాధానము ముందు దారిలో దొరకునని భూగోళము మాస్టారు నవ్వి యూరకుండెను.

భీమిలిపోవు దారిలో, మంగమారిపేట చెంత, తొట్లకొండ కలదు. రాతిలో తొలిచిన నీటితొట్లవలన కొండకాపేరు వచ్చినది. నౌకాదళమువారు విమానమునుండి జరిపిన సర్వేక్షణలో ఇక్కడి శిథిలములు బయటపడినవి. ఆ తరువాత పురావస్తుశాఖవారు త్రవ్వి చూడగా స్తూపములు, చైత్యములు, భిక్షువుల విహారములు వెలువడినవి. శాతవాహనుల నాణెములతోబాటు రోమను వెండినాణెములును దొరికినవి. చరిత్ర మాస్టారు ఆ మాట చెప్పి, క్రింద మెరయుచున్న సముద్రమును చూపెను. ఎక్కడి రోము, ఎక్కడి తొట్లకొండ! కొండపైన భిక్షువులు, క్రింద వర్తకులు. వర్తకుల దానములు భిక్షువులను పోషించినవి. రెండువేల యేండ్లనాడే ఈ తీరమునకు దూరదేశముల డబ్బు చేరినదనుటకు ఆ నాణెములే సాక్షి.

అక్కడినుండి ఎర్రమట్టిదిబ్బలు. వానగండ్లు కోసిన ఎర్రని లోయలలో మిత్రులు ఒకరివెనుక నొకరు నడచిరి. ప్రకృతిశాస్త్రము మాస్టారు చిటికెడు మట్టిని అరచేత నలిపి చూపెను. అది మట్టికాదు, ఇసుక. ప్రతి రేణువునకును ఇనుపతుప్పు పూతవలె అంటియున్నది. ఎఱ్ఱదన మంతయు ఆ పూతదే. సుమారు ఇరువదివేల యేండ్లక్రితము, భూమిపై మంచు మిక్కుటముగా నున్నకాలమున, సముద్రమట్టము నేటికంటె నూరు మీటర్లకు పైగా క్రిందనుండెను. బయటపడిన సముద్రపు అడుగునుండి గాలి మోసికొనివచ్చిన ఇసుక ఈ దిబ్బలు పెరుగుటకు తోడ్పడినది. భారత భూగర్భ సర్వేక్షణసంస్థ వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. 2025లో ఇవి యునెస్కో ప్రపంచవారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినవి. జాబితాలో చేరుట ఒకటి, నిలుచుట ఒకటి. వదులుగా నున్న ఈ ఇసుకను ఒక్క వానయే కోయగలదు. పారలకు, యంత్రములకు అదెంత? వేలయేండ్లు పట్టి పెరిగినది పోయినచో మరల పెంచుటకు మనుష్యునకు శక్తి చాలదు.

సాయంకాలమునకు భీమునిపట్టణము చేరిరి. గోస్తనీనది సముద్రమున కలియు చోటది. 17వ శతాబ్దమున డచ్చివారు ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పిరి. ఈ తీరపు బట్టలను కొని, తూర్పుదీవులకు గొనిపోయి, అక్కడ సుగంధద్రవ్యములకు మారకము చేయుట వారి వ్యాపారము. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలకసంఘ మేర్పడినది. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, విశాలమైన పాత బంగళాలు మిగిలియున్నవి. రేవు మాత్రము లేదు.

పొద్దుట అడిగిన ప్రశ్నకు భూగోళము మాస్టారు అక్కడ సమాధానము చెప్పెను. భీమిలివంటి రేవులలో ఓడ ఒడ్డునకు రాదు. దూరముగా లంగరువేసి నిలుచును. ఒడ్డునుండి ఓడకు సరకులను మసూలా పడవలు మోయవలెను. మేకులు కొట్టక, పలకలను కొబ్బరినారతో కుట్టిన పడవలవి. కెరటము విసరికొట్టినప్పుడు బిగువైన పడవ పగులును. కుట్టిన పడవ వంగి తట్టుకొనును. ఆ పడవలను నడుపుట అందరికి చేతనగు పనికాదు. 1893-96 సంవత్సరముల నడుమ తూర్పుతీర రైలుమార్గము వచ్చినది. కెరటములలో తడియు బస్తాలకంటె రైలుపెట్టె వర్తకునకు సుఖము. తరువాత విశాఖలో ఓడ ఒడ్డునకే వచ్చి ఆగినది. చిన్న రేవులు ఒక్కొక్కటిగా మూతపడినవి.

“రేవు పోయిన తరవాత ఆ పడవలు నడిపినవాళ్లు ఏమయ్యారు మాస్టారూ?” అని ప్రకృతిశాస్త్రము చెప్పు యువకుడు అడిగెను.

చరిత్ర మాస్టారు వెంటనే బదులు చెప్పలేదు. ఓడల సంగతి, సరకుల సంగతి, ఒడంబడికల తేదీలు ఆయనకు కంఠస్థములు. పడవవాని మాట తాను చదివిన పుస్తకములలో తగులలేదు. “వెతకాలి,” అని మాత్రము అనెను. ఆ రాత్రి భీమిలిలో గడపిరి.

మరునాడు శ్రీకాకుళము పోవుచు దారి మళ్లి పొందూరు చూచిరి. డచ్చివారిని సముద్రములు దాటించి రప్పించిన నేతనేర్పు ఎట్టిదో ఇక్కడ నేటికిని కంటితో చూడవచ్చును. పత్తిని శుభ్రపరచుటకు వాలుగచేప దవడయెముకను దువ్వెనగా వాడుదురు. దాని సన్నని పండ్లు గింజచుట్టునున్న దూదిని చిక్కులు తీసి చక్కగా పరచును. గాంధీజీ మెచ్చిన సన్నఖద్దరు ఈ చేతులలోనిదే. వడకువారిలో వృద్ధ స్త్రీలే హెచ్చుగా కనబడిరి. పడుచువారు తక్కువ.

మధ్యాహ్నమునకు శ్రీకూర్మము. విష్ణువు కూర్మరూపమున వెలసిన క్షేత్రమిది. రెండు ధ్వజస్తంభములు, స్తంభములనిండ శాసనములు. పండితులకు అక్కడ కాలము తెలియలేదు. ఆవరణలో నక్షత్రతాబేళ్లను పోషించుచున్నారు. సాయంకాలము సముద్రపుటొడ్డునకు పోగా, ఇసుకపై చచ్చిపడియున్న పెద్ద తాబేలొకటి కనబడినది. అది ఆలివ్ రిడ్లీ జాతిది. శీతకాలపు చివరనుండి ఎండలు ముదురువరకు ఆడతాబేళ్లు రాత్రివేళ ఈ తీరమున కెక్కి, ఇసుకలో గుంటతీసి, నూరుకు అటునిటుగా గ్రుడ్లుపెట్టి మరలిపోవును. తాము పుట్టిన ప్రాంతపు తీరమును వెదకికొనియే అవి తిరిగివచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సముద్రములో నున్నను ఊపిరికై పైకి రాక తప్పదు. మరపడవల వలలలో చిక్కినచో పైకి రాలేక చచ్చును. గుడిలో కూర్మమునకు మ్రొక్కి, ఒడ్డున కూర్మమును దాటిపోవుట పండితులకు కష్టమైనది. ఆయన చాలసేపు మాటలాడలేదు.

మూడవనాటి యుదయము కళింగపట్టణము దారిలో నొక మత్స్యకార గ్రామమున ఆగిరి. పండుగ ముగ్గులింకను చెరగలేదు. స్త్రీలు చేపల నెండబెట్టుచున్నారు. ఒక వృద్ధుడు వేపచెట్టు నీడను కూర్చుండి వల బాగుచేయుచున్నాడు. పిల్లలున్నారు, ముసలివారున్నారు. నడివయస్సు మగవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే.

“పండగ రోజుల్లో కూడా కుర్రాళ్లు కనిపించరేం, తాతా?” అని పండితులు అడిగిరి.

“గుజరాతు ఎలిపోనారు బాబూ. ఆగస్టుల ఎల్తే మళ్లీ ఏసవికే రాడం. ఇక్కడ పెద్ద బోటు నిలపడానికి సోటేదీ? తెప్పేసుకుని ఎంత దూరం ఎల్తాం?” అని ఆ వృద్ధుడు వలనుండి కన్నెత్తకయే చెప్పెను.

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరము కలదు. అయినను ఈ తీరపు మత్స్యకారులు వేలకొలది దేశమునకు ఆ చివరనున్న గుజరాతు పోయి, వేరావలువంటి రేవులలో ఇతరుల మరపడవలపై పనిచేయుదురు. పడవనాయకుని వారు తండేలందురు. 2018 నవంబరులో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు ఇరువదిమందికి పైగా అట్లు పనిచేయుచు, సముద్రముపైని సరిహద్దు దాటిరని పాకిస్తానువారికి పట్టుబడిరి. నీటిపై గీత కనబడదు గదా! వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దువద్ద విడుదలైరి. ఏడాదికి పైగా వారి యిండ్లవారు ఎదురుచూచుచునే యుండిరి.

చరిత్ర మాస్టారు ఆ వృద్ధునివద్ద చాలసేపు కూర్చుండెను. తాత తండ్రుల కాలమున ఓడలకు పడవలు నడిపినవారెవ్వరైన నీ యెరుకలో కలరా యని అడిగెను. తన తాత కళింగపట్టణములో బస్తాలు మోసిన పడవపై పనిచేసెనని ఆ వృద్ధుడు చెప్పెను. భీమిలిలో అడిగిన ప్రశ్నకు బదులు దొరకినది. రేవు పోయినప్పుడు పడవవాడు మాయము కాలేదు. అతని మనుమలు వేరొకరి రేవునకు పనికి పోయిరి.

కళింగపట్టణమున వంశధార సముద్రమున కలియును. ఒకప్పుడు పేరుమోసిన రేవది. 20వ శతాబ్దపు మధ్యభాగమునకు ఓడలరాక ఆగిపోయినది. దీపస్తంభము నేటికిని వెలుగుచున్నది. దాని చెంతనుండి నదివెంబడి లోపలికి పోయి మిత్రులు సాలిహుండము కొండ నెక్కిరి. ఇటుక స్తూపములు, చైత్యములు, తారా మారీచుల విగ్రహములు గల బౌద్ధక్షేత్రమిది. 1919లో దీనిని గుర్తించి లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పిల్లలకు పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడే సవరలతో మాటలాడి వారి భాషకు వ్యాకరణము వ్రాసెను. జనుల నోటనున్న తెలుగునకు గౌరవము కావలెనని పోరాడెను. ఈ కొండమీది రాళ్లను చూచి అవి సామాన్యపు రాళ్లు కావని గ్రహించెను. ఎదుటివానిని అడుగుట, కంటబడినదానిని నిదానించి చూచుట — ఇవి రెండే ఆయన సాధనములు. బడిపంతులుకు ఇంతకంటె గొప్ప ఆదర్శము లేదు.

కొండమీదినుండి వంశధార మలుపులు, దూరమున సముద్రపు నీలిరేఖ కనబడుచుండెను. ఉత్తరముగా మూలపేటవద్ద క్రొత్త రేవునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. దానిని గురించి మాట వచ్చినది. ఓడలు వచ్చును, సరకులు వచ్చును. తీరమునకు మరల దశ తిరుగవచ్చును. భూగోళము మాస్టారు ఇసుక నడకను గురించి, ప్రకృతిశాస్త్రము మాస్టారు తాబేళ్లను గురించి సందేహములు తెలిపిరి. చరిత్ర మాస్టారు అడిగినది ఒక్కటే: వేరావలుకు పోయినవారు దానివలన ఇంటికి వత్తురా?

రేవు గొప్పతనమును ఓడల సంఖ్యతో కొలుచుట మన పుస్తకముల అలవాటు. రోమునుండి నాణెములను, హాలండునుండి వర్తకులను రప్పించిన తీరము తన యొడ్డున పుట్టినవానికి పని చూపలేకపోయినచో ఆ వైభవమున లోపమున్నట్లే. ఈ సంగతి పిల్లలకు పాఠముగా చెప్పుటకంటె ప్రశ్నగా ఇచ్చుట మేలని నలుగురును నిశ్చయించిరి. సెలవులు ముగిసి బడి తెరచిన మొదటి దినమున తొమ్మిదవ తరగతి నల్లబల్లపై చరిత్ర మాస్టారు వ్రాసిన ఇంటిపని ఇది: “మీ తాత ఏ పని చేసెను? ఆ పని ఇప్పుడు మీ యూర నున్నదా? లేనిచో, ఎందుచేత పోయినది? ఇంట పెద్దలనడిగి వ్రాసికొని రండు.”