తిట్టు... పొదుపుగా వాడితేనే మందు!

కాలి వేలికి గడప తగిలిందంటే చాలు, నోట్లోంచి ఓ తిట్టు దానంతటదే వచ్చేస్తుంది. దాంతో ఏమైనా ఉపయోగముందా? బ్రిటన్‌లోని కీల్‌ యూనివర్సిటీ సైకాలజిస్టు రిచర్డ్‌ స్టీఫెన్స్‌ బృందం 2009లో విద్యార్థుల చేతుల్ని ఐసు నీళ్లలో పెట్టించి చూసింది. మామూలు మాట అన్నప్పటికంటే తిట్టినప్పుడు ఎక్కువసేపు తట్టుకున్నారు. గుండె వేగమూ పెరిగింది. అయితే 2011లో మరో సంగతి తేలింది. రోజూ ఎక్కువగా తిట్టేవాళ్లకు ఈ ఉపశమనం తక్కువే!

ఫ్రెండ్స్‌తో మాటకో బూతు దొర్లుతోందా? అయితే మందు పని చేయదు సరికదా, గ్రూప్‌ డిస్కషన్‌లో ఎవరైనా అడ్డుపడగానే అలవాటైన ఆ మాటే జారుతుంది. అక్కడ ‘సారీ’ అన్నా లాభం ఉండదు. ఇంటర్వ్యూ రోజున నోరు కట్టేసుకోవడం కాదు, హాస్టల్‌ గదిలోనే ఇవాళ్టి నుంచి తగ్గించండి.