మాంటిస్సోరి గణిత ఉపకరణాలు

మాంటిస్సోరి గణిత ఉపకరణాలు చిన్నపిల్లలు సంఖ్యలను చేతితో తాకి, పేర్చి, లెక్కించి నేర్చుకోవడానికి ఉద్దేశించిన బోధన సామగ్రి. ఇటలీకి చెందిన వైద్యురాలు, విద్యావేత్త మారియా మాంటిస్సోరి (1870–1952) వీటిని రూపొందించింది. ముందు పరిమాణం, తరువాత దాని గుర్తు, ఆ పిమ్మట రెండింటి కలయిక అనే క్రమం వీటికి మూలసూత్రం. నూరు వరకు వల్లించగల పిల్లవానికి ఏడు అంటే ఎంతో తెలియకపోవచ్చు. ఈ లోటును తీర్చడమే వీటి ప్రయోజనం.

చరిత్ర

మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లోరెంజో ప్రాంతంలో "బాలల గృహం" ప్రారంభించింది. ఫ్రెంచి వైద్యుడు ఎదువార్ సెగ్వెన్ పద్ధతులు ఆమెకు ఆధారమయ్యాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

ముఖ్య ఉపకరణాలు

* సంఖ్యా కడ్డీలు: 10 సెం.మీ. నుండి 1 మీటరు వరకు పొడవు గల 10 చెక్క కడ్డీలు. ప్రతి 10 సెం.మీ.కు ఎరుపు, నీలం రంగులు మారుతూ ఉంటాయి. 9 కడ్డీ చివర 1 కడ్డీని, 8 చివర 2ను చేర్చితే 10 కడ్డీతో సమానమవుతాయి. కూడికకు ఇదే తొలి మెట్టు.
* గరుకు అంకెలు: గరుకు కాగితంతో చేసిన అంకెలను పలకలపై అతికిస్తారు. పిల్లలు వాటిపై వేళ్ళతో దిద్దుతారు.
* కదురు పుల్లల పెట్టె: 0 నుండి 9 వరకు అరలు, 45 పుల్లలు ఉంటాయి. సున్న అర ఖాళీగానే మిగలడం వలన "ఏమీ లేదు" అనే భావం తెలుస్తుంది. లెక్క తప్పితే చివరి అరకు పుల్లలు చాలవు, లేదా మిగిలిపోతాయి. కనుక ఉపాధ్యాయుడు చెప్పకుండానే పిల్లలు తప్పును గుర్తిస్తారు.
* బంగారు పూసలు: విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ పది, అటువంటి పది కడ్డీల చదరం వంద, పది చదరాల ఘనం వేయి.

స్థాన విలువ

"నూట ఐదు" అని వినగానే కొందరు పిల్లలు 1005 అని వ్రాస్తారు. విన్న వరుసలోనే 100, 5 వ్రాయడం దీనికి కారణం. బంగారు పూసలతో పాటు వాడే సంఖ్యా కార్డులు ఈ పొరపాటును సరిదిద్దుతాయి. ఒకట్లకు ఆకుపచ్చ, పదులకు నీలం, వందలకు ఎరుపు, వేలకు మరల ఆకుపచ్చ రంగు అంకెలు ఉంటాయి. పిల్లవాడు ఒక వంద చదరం, ఐదు విడి పూసలు తెచ్చుకొని, 100 కార్డుపై కుడివైపున 5 కార్డును ఉంచుతాడు. చివరి సున్న మరుగై 105 ఏర్పడుతుంది. మధ్యనున్న సున్న పదులు లేవని సూచిస్తుంది. కూడికలో పది విడి పూసలు చేరినప్పుడు వాటిని ఇచ్చి ఒక పది కడ్డీని తీసుకోవాలి. "చేతిలో ఒకటి" అని కంఠస్థం చేసే నియమం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

బోధన విధానం

సెగ్వెన్ నుండి గ్రహించిన మూడంచెల పాఠాన్ని అనుసరిస్తారు. "ఇది మూడు" అని చెప్పడం మొదటిది, "మూడు ఏది?" అని అడిగి చూపించమనడం రెండవది, "ఇది ఎంత?" అని చెప్పించడం మూడవది. మూడవ అంచెలో తడబడితే మందలించరు, మరొకనాడు పాఠాన్ని తిరిగి మొదలుపెడతారు.

విమర్శలు

ఉపకరణాలను నిర్ణీత పద్ధతిలోనే వాడడం వలన పిల్లల ఊహాశక్తికి చోటు తక్కువని అమెరికా విద్యావేత్త విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1914లో విమర్శించాడు. పూర్తి సామగ్రి ఖరీదైనది కావడం మరొక ఇబ్బంది. స్థాన విలువను బోధించడానికి పదేసి చొప్పున కట్టిన చీపురు పుల్లలు, విడి పుల్లలు కూడా ఉపయోగపడతాయి.

ఇవి కూడా చూడండి

* మారియా మాంటిస్సోరి
* స్థాన విలువ
* పూసల చట్రం