షూటింగ్ క్లబ్బు నియమములు: అపోహలు – వాస్తవములు

తుపాకి అనగానే మన మనస్సున మెదలునది రణరంగమో, వేటాడు అడవియో, చలనచిత్రములలోని ముఠాల పోరాటమో కాని, 10 మీటర్ల దూరమున అమర్చిన లక్ష్యఫలకముపై అర మిల్లీమీటరు వెడల్పు గల నడిమి చుక్కను ఛేదించుటకై ఊపిరిని, చూపును, వ్రేలిని ఏకముఖము చేసికొని నిశ్చలముగా నిలుచు క్రీడాకారుడు కాడు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సున ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యపతకము గెలుచుటయు, ఆ నగరమునకే చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏండ్ల ప్రాయముననే ఎయిర్ పిస్టల్ విభాగమున జాతీయ విజేతగా నిలుచుటయు చూచిన తల్లిదండ్రులకు తమ బిడ్డలను ఈ విద్యలో ప్రవేశపెట్టవలెనను అభిలాష కలుగుట సహజమే. అయితే ఆ అభిలాష వెంబడి పెక్కు భ్రమలును క్లబ్బు గుమ్మమునకు వచ్చుచున్నవి. వానిని అచ్చటనే విడిచి లోనికి పోవుట మేలు, ఏలనగా ఈ క్రీడయందు ఒక్క క్షణపు ఏమరుపాటునకు వేరొకరి ప్రాణము మూల్యము కావచ్చును.

సభ్యత్వము లభించినచో తుపాకి లైసెన్సు లభించినట్లే యని చాలమంది తలచుచున్నారు. 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు నొసగు అధికారము జిల్లాలలో కలెక్టరుదియు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరుదియు కాని, క్లబ్బు కార్యదర్శిది కాదు. క్లబ్బు ఇచ్చునది తన ఆవరణలో, తన శిక్షకుల కనుసన్నలలో, తన ఆయుధముతో అభ్యసించు అవకాశము మాత్రమే. సాయంకాలము ఆ ఆయుధమును ఇంటికి కొనిపోవు హక్కు అందులో లేదు. స్వంత లైసెన్సు గలవారికిని హద్దులు కలవు: 2019 నాటి సవరణ ఒక వ్యక్తి సామాన్యముగా ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడింటి నుండి రెండింటికి తగ్గించినది, పెండ్లి ఊరేగింపులలోను ఉత్సవములలోను ఇతరుల ప్రాణములకు అపాయము కలుగునట్లు సంబరమునకై కాల్చువారికి రెండేండ్ల వరకు కారాగారమో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని శాసించినది. 21 ఏండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. అయినను 12 ఏండ్లు నిండిన పిల్లలు తగిన పర్యవేక్షణలో శిక్షణ పొందుటకు ఆటంకము లేదు.

గాలితుపాకి ఆటవస్తువను భ్రమకు మూలము తిరునాళ్ళలో బుడగలు పగులగొట్టు దుకాణములయందున్నది కాబోలు. 4.5 మిల్లీమీటర్ల వ్యాసమును, 20 జౌల్స్ శక్తిని మించని గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదన్న మాట నిజము. కాని దానినిబట్టి అది అపాయము లేనిదని తేల్చుట చట్టము చెప్పని మాటను చట్టము నోట పలికించుట యగును. పోటీలలో వాడు ఎయిర్ రైఫిల్ నుండి సీసపు పెల్లెట్టు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగముతో వెడలును. కంటికి తగిలినచో చూపు శాశ్వతముగా పోవచ్చును. ఆ రైఫిలుకు బిగించు సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో నిండియుండును గనుకనే, 10 ఏండ్లు దాటిన సిలిండరును అంతర్జాతీయ పోటీలలో అనుమతింపరు. తలుపు తెరచుకొని ఎవరు ఎప్పుడు వత్తురో తెలియని ఇంటి వరండాలో, గోడకు పలక ఆనించి పిల్లలచేత కాల్పించు తండ్రులు కలరు. వారి ఉత్సాహము మెచ్చదగినదే కాని, ఆ పద్ధతి తక్షణము మానదగినది.

అన్నిటికన్న ప్రమాదకరమైన అపోహ ‘ఖాళీ తుపాకి ఏమి చేయును?’ అను ప్రశ్నలో దాగియున్నది. మొదట మ్యాగజైను తీసి, పిమ్మట బోల్టును వెనుకకు లాగి, తూటా కూర్చుండు గదిలోనికి కన్నులార చూచి, నారింజరంగు భద్రతా జెండాను అందులోనికి చొప్పించిన తరువాతనే అది ఖాళీ యని క్లబ్బు అంగీకరించును. ఈ క్రమము తారుమారై, మ్యాగజైను ఉండగనే బోల్టును లాగి తూటాను వెలికి తీసినచో, బోల్టు మరల ముందుకు పోవుచు మ్యాగజైనులోని వేరొక తూటాను గదిలోనికి నెట్టును. అప్పుడు, తూటాను తీసివేసితినని నమ్మినవాడే నిండు తుపాకిని చేతబట్టి మిత్రులతో ముచ్చటించుచుండును. ఒకరు పరీక్షించి అందించిన తుపాకిని అందుకొన్నవారు మరల పరీక్షింతురు. అందించినవారు దీనిని అవమానముగా తలపరు. సేఫ్టీ మీట వేసితిమి గదా యని గొట్టమును ఇతరుల వైపు త్రిప్పువారు, ఆ మీటయు అరిగిపోవు ఇనుపముక్కయే యని మరువరాదు. ఫలకములు మార్చుటకు ఎవరేని కాల్పుల గీతను దాటి ముందుకు పోయినప్పుడు, జెండా గుచ్చియున్న తుపాకినైనను తాకరాదు, సర్దరాదు, తుడువరాదు.

ఈ నియమములు క్రొత్తగా చేరినవారికే యనియు, సైన్యముననో పోలీసు శాఖలోనో పనిచేసి వచ్చినవారికి సడలింపు ఉండవలెననియు వాదించువారు కలరు. క్రొత్తవాడు భయముతో గొట్టము దిశను పదేపదే చూచుకొనును. చేయి తిరిగినవాడు అలవాటు చొప్పున చూడక విడుచును. అందుచేత లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అను ఆజ్ఞలకు వయోభేదము లేదు, పదవీభేదము లేదు. అపాయమును గమనించి 12 ఏండ్ల బాలిక ‘స్టాప్’ అని కేక వేసినను, విశ్రాంత సేనాని సైతము వ్రేలిని ట్రిగ్గరు నుండి తొలగింపవలసినదే. పెద్దలకు ఎదురు చెప్పరాదను సంస్కారమున పెరిగిన మన పిల్లలకు ఈ ఒక్క కేకను జంకక వేయుట నేర్పుట శిక్షకుని ప్రథమ కర్తవ్యమని నేను నమ్ముదును.

ట్రిగ్గరు నొక్కినను తూటా పేలనప్పుడు తుపాకిని తనవైపు త్రిప్పి చూచుకొనుట మానవస్వభావము. మందు ఆలస్యముగా అంటుకొని పేలు అవకాశము కలదు గనుక, గొట్టమును లక్ష్యము వైపే నిలిపి, కనీసము 30 సెకన్లు వేచి, చేయి ఎత్తి రేంజి అధికారిని పిలువవలెను. పేలిన ధ్వని మామూలుకన్న మందముగా వినబడినచో మరింత జాగ్రత్త అవసరము: గుండు గొట్టములోనే చిక్కుకొని యుండవచ్చును, దాని వెనుక వేరొకటి కాల్చినచో గొట్టమే పగులవచ్చును.

రుసుము చెల్లించిన సభ్యునికి తలుపు ఎల్లవేళల తెరచియుండవలెననియు, బంధుమిత్రులను వెంటబెట్టుకొని వచ్చు స్వాతంత్ర్యము ఉండవలెననియు కొందరు కోరుదురు. గుర్తింపు పత్రములు, పూర్వచరిత్ర విచారణ, అతిథులకు నిషేధము చూచి ఇది సంపన్నుల గర్వమని నొచ్చుకొందురు. .22 తూటా చూపునకు చిన్నదైనను, ఎదురు లేనిచో సుమారు ఒకటిన్నర మైలు పోగలదు. దానిని ఆపునది వెనుకనున్న మట్టికట్టయు, ప్రక్క గోడలును, వాని నడుమ ఎవరెవరున్నారో ప్రతిక్షణము ఎరిగిన అధికారియు. ఆ అధికారి రానినాడు ఎంతటి సభ్యుడైనను తిరిగి పోవలసినదే. తూటాలెన్ని ఇచ్చిరి, ఎన్ని కాల్చిరి, ఎన్ని మిగిలినవి అను లెక్క సైతము అనుమానముతో వ్రాయునది కాదు. ఆయుధాగారము నుండి వెడలిన ప్రతి తూటాకు జవాబు చెప్పవలసినవాడు క్లబ్బు కార్యదర్శి.

ఈ విద్య హింసాప్రవృత్తిని పెంచునని శంకించువారికి ఒక్క విషయము చాలును: 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘమునకు తొలి అధ్యక్షుడు, గాంధీజీ ఉద్యమములందు పాల్గొన్న, లోకసభ ప్రథమ సభాపతి మావలంకర్.

బిడ్డను చేర్పింపదలచినవారు రుసుము విచారించుటకు ముందు ఒక పూట ప్రేక్షకుల తావున కూర్చుండి చూడవలెను: కంటికి అద్దములు, చెవులకు రక్షణ ఉన్నవా, పెల్లెట్టు సీసము చేతుల నుండి నోటికి చేరును గనుక, సబ్బుతో చేతులు కడిగికొన్న పిమ్మటనే పిల్లలను తినుబండారము ముట్టనిచ్చుచున్నారా, ఎవడేని గొట్టమును ప్రక్కకు త్రిప్పినప్పుడు శిక్షకుడు ఉపేక్షించుచున్నాడా, కాల్పులు ఆపించుచున్నాడా. మొదటి దినములలో తూటాయే ఇవ్వక, ఖాళీ రైఫిలు పట్టించి జెండా గుచ్చుట, తీయుటలే నేర్పుచున్నారని కొందరు తల్లిదండ్రులు అసంతృప్తి పడుచున్నారు. అట్లు నేర్పుచున్నచో ఆ క్లబ్బున బిడ్డను నిశ్చింతగా చేర్పింపవచ్చును.