పేరు రాములవారిది... రైలు బొగ్గుది!

భద్రాచలం ప్రయాణం అనగానే మన సినిమా అభిమానులకి గుర్తొచ్చేది లాంచీ! 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’లో అక్కినేని బృందం గోదావరి మీద తేలుతూ వెళ్లింది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’లో సుమంత్, కమలినీ ముఖర్జీ కూడా నీళ్లదారే పట్టారు. చూడ్డానికి బావుంటుంది, కాదనం! మరి హైదరాబాదు నుంచో, వరంగల్లు నుంచో వచ్చే మామూలు మనిషి మాటేమిటి? అతను రైలెక్కుతాడు. ‘భద్రాచలం రోడ్’ అని టిక్కెట్టు తీసుకుంటాడు.

చిక్కంతా ఆ ‘రోడ్’ అనే మాటలోనే వుంది!

కొత్తవాడెవరైనా స్టేషన్లో దిగి గుడి గోపురం కోసం వెతికితే కనపడదు. గోదావరీ కనపడదు. వాళ్లు దిగింది కొత్తగూడెంలో. రాములవారు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల వున్నారు! ఊరికి దూరంగా స్టేషన్ వుంటే, ‘ఆ ఊరికి దారి ఇదీ’ అని చెప్పడానికి రైల్వేవాళ్లు పేరు చివర ‘రోడ్’ తగిలిస్తారు. శ్రీకాకుళం రోడ్, నర్సీపట్నం రోడ్, మార్కాపురం రోడ్, వనపర్తి రోడ్... అన్నీ ఆ బాపతే.

సరే, రైలు గుడిదాకా పోకుండా ఇక్కడే ఎందుకు ఆగిందంటారా? అది బయల్దేరింది భక్తుల కోసం కాదు గనక!

1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు వుందని కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. బొగ్గు బయటికి రావాలంటే పట్టాలు కావాలి. అందుకే నిజాం రైల్వే డోర్నకల్ నుంచి ఇల్లందు వైపు లైను వేసింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా మరో కొమ్మ వచ్చింది. తర్వాత ఆ లైను మణుగూరు దాకా సాగింది. అక్కడా బొగ్గే!

ఇంకో సంగతి. ఆ 1927లో కొత్తగూడెం నిజాం రాజ్యంలో వుండేది. గోదావరి అవతలి ఒడ్డున వున్న భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో వుండేది. ఇక్కడ దిగిన భక్తుడు అడవి దాటి, ఏరు దాటి, మరో ప్రభుత్వం ఏలుబడిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకోవాలన్నమాట! 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది. అప్పటిదాకా పడవే దిక్కు.

ఈనాటి ప్రయాణికుడికి అంత తిప్పలు లేవు. రాత్రి సికింద్రాబాద్‌లో మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లవారకముందే ఇక్కడ దిగొచ్చు. ఆపైన పాల్వంచ మీదుగా బస్సు. సారపాక దాటగానే వంతెన, వంతెన దిగగానే భద్రాద్రి. శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణం చూడాలంటే మాత్రం టిక్కెట్టు ముందే తీసుకోండి. ఆఖరి నిమిషంలో పరిగెడితే బెర్తు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి!

పాపం, ఈ కథలో అన్యాయమైపోయింది కొత్తగూడెమే! సింగరేణి సంస్థ ప్రధాన కార్యాలయం వున్న ఊరు. గనుల్లోకి దిగి బొగ్గు తవ్విన కార్మికుల ఊరు. ఆ బొగ్గు వల్లే ఈ స్టేషన్ వచ్చింది. తీరా పేరు మాత్రం నలభై కిలోమీటర్ల అవతలి ఊరికి దక్కింది! 2016లో ‘భద్రాద్రి కొత్తగూడెం’ జిల్లా ఏర్పడ్డాక, కనీసం జిల్లా పేరులోనైనా రెండు ఊళ్లూ జంటగా నిలబడ్డాయి.

ఇకముందు కథ మారబోతోంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా సుమారు 173 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సరేనంది. ఈ పాండురంగాపురం మన మణుగూరు లైను మీది స్టేషనే. ఆ పట్టాలు పూర్తయితే రైలు కూడా గోదావరి దాటుతుంది. భద్రాచలం బోర్డు మీద ‘రోడ్’ అనే తోక వుండదు.

అప్పుడు మన పాత స్టేషన్‌కి ఏం పేరు పెట్టాలి? మా ఓటు కొత్తగూడేనికే! మరి మీరేమంటారు?