సెప్టెంబరు 22: గుండ్లు కురిసిన తేదీ, గుండ్లు ఆగిన తేదీ

చెన్నపట్నంలో తరతరాలుగా కాపురమున్న మన తెలుగు కుటుంబాల్లో ఎమ్డెన్ పేరు వినని ఇల్లు అరుదు. గడుసువాణ్ణి, ఎవరికీ లొంగనివాణ్ణి ఎమ్డెన్ అనడం ఈ ఊరి తమిళంలో వాడుక. అది ఒక జర్మను యుద్ధనౌక పేరని మాత్రం నేటి పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ నౌక ఈ ఊరిమీద గుండ్లు కురిపించింది 1914 సెప్టెంబరు 22న.

అమావాస్య వెళ్ళి మూడు రోజులైనా కాలేదు. సముద్రం మీద చీకటి. ఒడ్డున మాత్రం యుద్ధం ఎక్కడో దూరదేశాల సంగతి అన్నట్టు దీపాలు యథాప్రకారం వెలుగుతున్నాయి. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ రేవును సమీపించింది. కప్తాను కార్ల్ ఫాన్ ముల్లర్ సర్చిలైటు వేయించి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు ట్యాంకులపై గురిపెట్టించాడు. అరగంటలోపే నూరుకు పైగా గుండ్లు పేలాయి. ట్యాంకులు భగ్గుమన్నాయి. రేవులో ఉన్న ఛుప్రా అనే ఓడకు దెబ్బ తగిలి కొందరు నావికులు మరణించారు. ఒడ్డునుంచి ఫిరంగులు బదులు పలికేసరికి ఎమ్డెన్ చీకట్లో కలిసిపోయింది.

నిజానికి ఊరికి జరిగిన నష్టం స్వల్పం. పుట్టిన భయం మాత్రం కొండంత. ఓడ మళ్ళీ వస్తుందన్న వదంతితో వేలాదిమంది మూటాముల్లె సర్దుకొని రైళ్ళెక్కారు. ఎమ్డెన్ మళ్ళీ రాలేదు. ఆ నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దాన్ని ధ్వంసం చేసింది.

ఆ ఒక్క తేదీన సముద్రాలన్నీ మండినట్టున్నాయి. ఉదయం హాలెండు తీరానికి దూరంగా అబుకీర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిషు క్రూయిజర్లను యు-9 అనే జర్మను జలాంతర్గామి గంటన్నరలోపే ముంచివేసింది. 1,400 మందికి పైగా జలసమాధి అయ్యారు. అదే తేదీన పసిఫిక్ మహాసముద్రంలో, తాహితీ దీవిలోని పపీతే పట్టణంపై షార్న్‌హోర్స్ట్, గ్నైజెనౌ అనే జర్మను నౌకలు గుండ్లు కురిపించాయి. అవి ఎమ్డెన్‌కు తోబుట్టువుల వంటివే: అడ్మిరల్ ఫాన్ స్పే దళంలోనివి. ఆ ఆగస్టులోనే ఎమ్డెన్ ఆ దళాన్ని విడిచి ఒంటరిగా మన సముద్రంలోకి వచ్చింది.

ఈ తేదీకి సంతకాల చరిత్ర కూడా ఉంది. 1940 సెప్టెంబరు 22న జపాను తన సేనలను ఇండోచైనాలో దింపేందుకు ఫ్రెంచివారితో ఒడంబడిక చేసుకుంది. సిరా ఆరకముందే, ఆ రాత్రే, జపాను సేనలు సరిహద్దు దాటి దాడికి దిగాయి. తూర్పున అలా రగిలిన నిప్పు 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులై పడింది; ఆ నెలలోనే చెన్నపట్నం మరోసారి సగం ఖాళీ అయింది.

1965లో భారత పాకిస్తాన్ యుద్ధం ఆపవలసిన గడువుగా భద్రతామండలి పెట్టినదీ ఈ తేదీయే. మన ప్రభుత్వం అప్పటికే సమ్మతించింది. 22న పాకిస్తాన్ తన అంగీకారం తెలిపింది. తెల్లవారితే 23, వేకువన మూడున్నరకు కాల్పులు ఆగాయి. ఆ మాట 1966 జనవరి 10న తాష్కెంటు ఒప్పందానికి దారితీసింది. మళ్ళీ 1980లో, సరిగ్గా ఈ తేదీనే, ఇరాక్ సేనలు ఇరాన్‌పై దండెత్తాయి. ఆ పోరు ఆగడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

తేదీలో మహిమ ఏమీ లేదు. సంతకంలోనూ లేదు, సంతకం చేసినవారు మాట నిలుపుకోవడంలోనే ఉంది. 1940 నాటి కాగితానికీ 1965 నాటి అంగీకారానికీ తేడా అదే.

ఎమ్డెన్ గుండు పడిన చోటుకు గుర్తుగా హైకోర్టు ఆవరణలో శిలాఫలకం ఉంది. కాల్పులు ఆగిన వేకువకు ఈ ఊళ్ళో అలాంటి గుర్తేదీ మనకు కనబడదు. ఆ వేకువవల్ల ఎందరు కొడుకులు ఇల్లు చేరారో ఏ రాయిమీదా రాయలేం గదా! అందుకే ఆ ఫలకం చూపించి ఎమ్డెన్ కథ చెప్పేటప్పుడు, ఛుప్రా ఓడలో పోయిన నావికుల సంగతీ, 1965 నాటి ఆ వేకువ సంగతీ కలిపి మన పిల్లలకు చెబుదాం.