బండి స్టార్టు కానప్పుడు: డీజిల్ దారిలో లోపాన్ని వెదికే పద్ధతి

చిత్తూరు జిల్లాలో మే నెలాఖరు నుండి జూలై వరకు తోతాపురి మామిడి కోతలు ముమ్మరంగా సాగుతాయి. కడప, పీలేరు మీదుగా చిత్తూరుకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిలో తిరుపతి రహదారి వచ్చి కలిసేది పూతలపట్టు వద్దనే. అందువల్ల ఈ రెండు నెలలు గుజ్జు పరిశ్రమలకు కాయను తరలించే ట్రాక్టర్లు, పికప్ వాహనాలు, మినీ లారీలు ఈ కూడలి గుండా రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. 2025 సీజనులో తోతాపురికి పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, దానిపై ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇస్తుందని ప్రకటన వెలువడింది. ఆ లెక్కన నాలుగు టన్నుల లోడు విలువ 48,000 రూపాయలు. కోత కూలి, బాడుగ, తోట ఖర్చు అన్నీ అందులోనే తేలాలి. టోకెన్ చేతికి వచ్చిన రోజున బండి కదలకపోతే వరుసలో స్థానం పోవడమే కాక, టార్పాలిన్ కింద కాయ వేడెక్కి మెత్తబడుతుంది. ఆ స్థితిలో ఇంజెక్షన్ పంపును విప్పించి అనవసరంగా వేల రూపాయలు వదులుకోవడం కూడా తరచుగా జరిగేదే. వాస్తవానికి ఇంధనం అందక ఇంజను మొరాయించినప్పుడు లోపం చాలాసార్లు పంపులో కాక, పంపుకు ముందున్న చౌక భాగాలలోనే దాగి ఉంటుంది. దానిని కనుగొనడానికి రెండు స్పానర్లు, ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు ముక్క, కొంత ఓపిక సరిపోతాయి.

ముందుగా తేల్చుకోవలసిన విషయం

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను తిరగకపోవడం వేరు, తిరిగి కూడా అందుకోకపోవడం వేరు. మొదటిది బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ మోటారులకు సంబంధించినది. ఈ వ్యాసంలో చర్చించేది రెండవ స్థితిని మాత్రమే. ఇంజను బరువుగా, నెమ్మదిగా తిరుగుతూ ఉంటే ముందు బ్యాటరీని సరిచూడాలి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. తగినంత వేగంగా తిరగని ఇంజనులో ఆ వేడి పుట్టదు.

ఇంజను చురుకుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే సైలెన్సరు వైపు చూడాలి. పాత తరహా యాంత్రిక పంపు గల బండ్లలో పొగ మంచి సాక్ష్యం. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగ ఏమాత్రం రాకపోతే సిలిండరులోకి డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లని పొగ వస్తూ స్టార్టు కాకపోతే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. ఇంజను చల్లగా ఉండటం, కంప్రెషన్ తగ్గడం, డీజిల్‌లో నీరు కలవడం, పంపు టైమింగు తప్పడం దీనికి కారణాలు. పొగ లేని స్థితికి, తెల్లని పొగ వచ్చే స్థితికి ఒకే మరమ్మతు చేయబోవడమే చాలామంది చేసే తొలి పొరపాటు. పొగను వడకట్టే పరికరం అమర్చిన బి.ఎస్.-6 వాహనాలలో ఈ గుర్తు అంతగా పనికిరాదు.

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి పట్టరాదు. మధ్య కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. లేనిచో ఇంధన లోపం తేలకముందే బ్యాటరీ దిగిపోయి, ఒక సమస్య రెండు సమస్యలవుతుంది.

డీజిల్ నడిచే దారి

ట్యాంకులోని డీజిల్‌ను ఫీడ్ పంపు పీల్చుకొని ఫిల్టరు గుండా ఇంజెక్షన్ పంపుకు నెడుతుంది. ఇంజెక్షన్ పంపు దానిని అధిక పీడనంతో నాజిల్‌కు పంపుతుంది. యాంత్రిక పంపు గల ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికి సాధారణంగా 200 బార్ల ప్రాంతంలో పీడనం కావాలి. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపు ద్వారా తిరిగి ట్యాంకుకు చేరుతుంది. బెంగళూరు కేంద్రంగా 1951లో ఏర్పడిన మైకో సంస్థ పేరు 2008లో బాష్‌గా మారినా, మన ప్రాంతపు మెకానిక్కులు ఆ పంపును ఇప్పటికీ మైకో పంపు అనే పిలవడం కద్దు.

ఈ దారిలో ట్యాంకు నుండి ఫీడ్ పంపు వరకు ఉన్న భాగం పీల్పు వైపు. ఫీడ్ పంపు నుండి ముందుకు ఉన్నది నెట్టు వైపు. ఈ తేడా గ్రహిస్తే సగం పని అయినట్లే. నెట్టు వైపు కీలు వదులైతే డీజిల్ బయటికి కారి కంటికి కనిపిస్తుంది. పీల్పు వైపు పైపు చిట్లితే ఇంజను నడుస్తున్నంతసేపూ ఒక్క చుక్క కూడా కారకపోవచ్చు. అక్కడ బయటి గాలే లోపలికి పోతుంది. బావి మీద మోటారు పెట్టిన రైతుకు ఇది కొత్త విషయం కాదు. ఫుట్ వాల్వు సరిగా మూసుకోకపోయినా, పీల్పు పైపు కీలు వదులైనా రాత్రికి రాత్రి నీరు బావిలోకి దిగిపోతుంది. ఉదయం మోటారు వేస్తే ఉత్తగా తిరుగుతుంది. మళ్ళీ నీరు పోసి పైపు నింపవలసి వస్తుంది. సాయంత్రం బాగా నడిచి నిలిపిన బండి తెల్లవారి స్టార్టు కాకపోవడంలోనూ జరిగేది చాలావరకు ఇదే. రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారి, పైపులో గాలి నిలుస్తుంది.

గాలికి, డీజిల్‌కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, డీజిల్ దాదాపు కుదించుకుపోదు. పంపు ప్లంజరు కింద గాలి చేరితే అది నొక్కినప్పుడు కుదించుకుపోయి, వదిలినప్పుడు మళ్ళీ వ్యాకోచిస్తుందే తప్ప నాజిల్‌ను తెరిచే పీడనం పుట్టదు. దీనినే మనవాళ్ళు ‘ఎయిర్ పట్టింది’ అంటారు.

వెదకవలసిన వరుస

మొదట బండిని సమతలమైన చోట నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. లోడు ఉంటే వీలైనంతవరకు నీడలోకి చేర్చి, టార్పాలిన్ పక్కలు వదులు చేయాలి. మరమ్మతుకు గంట పట్టినా కాయకు గాలి ఆడుతుంది.

ట్యాంకులో డీజిల్ ఉన్నదా అన్న ప్రశ్నకు మీటరు ముల్లును నమ్మరాదు. శుభ్రమైన కర్రతో కొలవాలి. మొగిలి ఘాట్ వంటి ఎగుడు దారిలో డీజిల్ ట్యాంకు వెనుకకు ఒరుగుతుంది. తక్కువ డీజిల్‌తో ఎక్కే బండిలో పీల్పు పైపు ముందువైపు ఉంటే అది గాలినే పీలుస్తుంది. అటువంటి బండి సమతలానికి వచ్చి డీజిల్ పోసుకున్నా, గాలి తీయనిదే స్టార్టు కాకపోవచ్చు.

తరువాత ఇంజనును ఆపే ఏర్పాటును చూడాలి. పాత బండ్లలో స్టాప్ కేబుల్ లాగిన స్థితిలోనే బిగుసుకుపోయి ఉండవచ్చు. కొంచెం కొత్త బండ్లలో తాళం తిప్పగానే పంపు మీది సోలినాయిడ్ నుండి ‘టిక్’ మని చిన్న శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు, తీగ, కనెక్షను పరీక్షించాలి. ఇంత చిన్న లోపానికి పంపు విప్పిన సందర్భాలు లేకపోలేదు.

ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలిరంధ్రం మట్టితో మూసుకుపోయిందని గ్రహించాలి. డీజిల్ తగ్గేకొద్దీ లోపల శూన్యత ఏర్పడి ఫీడ్ పంపు లాగలేకపోతుంది. కొంతదూరం నడిచి ఆగిపోవడం, కాసేపటికి మళ్ళీ స్టార్టు కావడం దీని లక్షణం. మూతను శుభ్రం చేస్తే చాలు.

ఇక ఫిల్టరు. దాని అడుగున ఉన్న స్క్రూను వదులు చేసి, గాజు సీసాలోకి కొంత డీజిల్ దించి కదపకుండా ఉంచాలి. నీరు డీజిల్ కంటే బరువు గనుక కొద్ది నిమిషాలలో అడుగున వేరుగా నిలుస్తుంది. నల్లని జిగురు తేలితే నీటికి, డీజిల్‌కు మధ్య సూక్ష్మజీవులు పెరిగాయని అనుమానించాలి. అప్పుడు ఫిల్టరు మార్చడంతో పని తీరదు, ట్యాంకునే కడిగించాలి. సగం ఖాళీగా నిలిపిన ట్యాంకులో తేమ చెమర్చడం, మూత రబ్బరు పోయి వాననీరు దిగడం, తుప్పుపట్టిన డ్రమ్ముల నుండి డీజిల్ పోయడం నీరు చేరే మార్గాలు. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుండి డిసెంబరు వరకు మన ప్రాంతంలో ఈ బెడద ఎక్కువ. బంకులో కొన్న ఇంధనం మీద అనుమానం ఉంటే సాంద్రత పరీక్షను, 5 లీటర్ల ముద్రిత కొలపాత్రతో కొలత పరీక్షను అడిగే హక్కు వినియోగదారునికి ఉంది.

ఫిల్టరు మార్చిన మరునాడే బండి మొరాయిస్తే కొత్త ఫిల్టరు నాసిరకమని నిందించే ముందు దాని రబ్బరు గ్యాస్కెట్టును చూడాలి. పాత గ్యాస్కెట్టు పైభాగానికే అతుక్కొని ఉండగా దాని మీదనే కొత్తది బిగించడం సాధారణంగా జరిగే పొరపాటు. రెండు గ్యాస్కెట్ల సందున గాలి చొరబడుతుంది, లేదా డీజిల్ కారుతుంది. రాగి వాషర్లను మళ్ళీ మళ్ళీ వాడటం వల్ల కూడా ఇదే జరుగుతుంది.

పీల్పు వైపు లోపాన్ని నిర్ధారించడానికి ఒక సులభ పరీక్ష ఉంది. శుభ్రమైన డబ్బాలో రెండు మూడు లీటర్ల డీజిల్ తీసుకొని, దానిని ఫీడ్ పంపు కంటే ఎత్తున గట్టిగా కట్టి, పారదర్శకమైన పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలపాలి. గాలి తీసిన తరువాత ఇంజను అందుకొని నిలకడగా నడిస్తే లోపం ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్యనే ఉంది. పైపు చిట్లిందా, క్లిప్పు వదులైందా, ట్యాంకులోని జాలీ మూసుకుపోయిందా అన్నది అక్కడే వెదకాలి. అప్పటికీ అందుకోకపోతే దృష్టిని ముందుకు మరల్చాలి. పంపు షాపుకు పోవడానికి ముందు చేయవలసిన పరీక్షలలో నా దృష్టిలో ఇది అన్నిటికంటె విలువైనది.

గాలి తీయడం

ఫిల్టరు మీది గాలి స్క్రూను రెండు మూడు చుట్లు వదులు చేసి, చేతిపంపును కొడుతూ ఉండాలి. మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు బుడగలు లేని డీజిల్ ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. చేయి ఆపి బిగిస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఆ తరువాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ వద్ద ఇదే విధంగా చేయాలి. యాంత్రిక పంపు గల బండిలో అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిళ్ళ వద్ద పైపు నట్లను అర చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి, డీజిల్ ఊరగానే ఒక్కొక్కటిగా బిగించాలి. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగకపోతే గాలి ఇంకా చొరబడుతున్నదని అర్థం. ఆ రంధ్రాన్ని మూయకుండా బండిని నడిపితే మరునాటి ఉదయం ఇదే తంతు. చేతిపంపు కొడుతున్నా బరువు తెలియకపోతే ఫీడ్ పంపులోని వాల్వులు అరిగి ఉండవచ్చు.

చేయి పెట్టకూడని చోట్లు

పైన చెప్పిన నట్లు వదులు చేసే పద్ధతి కామన్ రైల్ ఇంజన్లకు వర్తించదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత అమ్ముడైన డీజిల్ మినీ లారీలు, పికప్‌లు సాధారణంగా ఈ కోవకే చెందుతాయి. అంతకుముందు కొన్న బండ్లలోనూ ఈ రకం చాలా ఉన్నాయి. వీటి రైలులో పీడనం 1,600 బార్లు, అంతకు మించి కూడా ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. బయటికి సూదిగుచ్చినంత గాయమే కనిపించినా లోపలి కణజాలం చచ్చిపోతుంది. అటువంటి గాయం తగిలితే నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, అధిక పీడనంతో డీజిల్ లోపలికి పోయిందని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఈ బండ్లలో యజమాని చేయదగినది ఫిల్టరు నీరు దించడం, ఫిల్టరు మార్చడం, చేతిపంపు ఉంటే కొట్టడం వరకే. కొత్త ఫిల్టరు మధ్య రంధ్రంలోకి వడకట్టని డీజిల్ పోయరాదు. అది శుద్ధి అయిన డీజిల్ నడిచే దారి. కొన్ని మైక్రాన్ల సందుతో పనిచేసే భాగాలకు అక్కడ పడిన ఒక్క మట్టి రేణువు చాలు.

బి.ఎస్.-6 బండ్లలో మరొక కొత్త ప్రమాదం యూరియా ద్రావణం. నీలి మూత గల చిన్న ట్యాంకులో పోయవలసిన దీనిని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పరాదు. తిప్పితే పంపు, నాజిళ్ళు అన్నీ పాడవుతాయి. బండిని తోసి పక్కన పెట్టి ట్యాంకును పూర్తిగా దింపించాలి.

నోటితో డీజిల్ లాగే అలవాటును కూడా మానుకోవాలి. ఊపిరితిత్తులలోకి పోయిన కొద్దిపాటి డీజిల్ కూడా తీవ్రమైన న్యుమోనియాకు దారితీస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించరాదు. వాంతి సమయంలోనే అది ఊపిరితిత్తులలోకి చేరే ముప్పు ఎక్కువ. గాలి ఫిల్టరు వద్ద పెట్రోలు చల్లి స్టార్టు చేయడం మరొక దురలవాటు. హీటరు ప్లగ్గులున్న ఇంజనులో ఇది మంటకు, పేలుడుకు కారణం కాగలదు. దించిన డీజిల్‌ను నేల మీద, కాలువలో పారబోయక డబ్బాలో పట్టి వేరుగా ఉంచాలి.

ఇంతా చేసిన తరువాత డీజిల్ బుడగలు లేకుండా పంపు వరకు చేరుతూ, సోలినాయిడ్ పనిచేస్తూ, నాజిల్ పైపు వద్ద మాత్రం చుక్క రాకపోతే అప్పుడు పంపును కాలిబ్రేషనుకు పంపవచ్చు. పంపేటప్పుడు పొగ వచ్చిందా లేదా, వస్తే ఏ రంగు, డబ్బా పరీక్షలో ఏమైంది, దించిన డీజిల్‌లో నీరు కనిపించిందా అన్న నాలుగు విషయాలు కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. నీరు నిలిచిన సీసాను కూడా వెంట పంపితే మంచిది. ట్యాంకు కడగకుండా కొత్తగా కాలిబ్రేట్ చేసిన పంపును ఆ బండికి బిగించరాదని మెకానిక్కుకు దానిని చూస్తేనే అర్థమవుతుంది.