చాక్లెట్ సిస్టు ఆపరేషనా? ముందు ఇవి అడగండి

"నెలసరి నొప్పే కదా, పెళ్లయితే అదే పోతుంది" అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అంటుంటారు. కానీ నెలనెలా మంచం పట్టేంత నొప్పి, పెళ్లయి ఏడాది దాటినా కడుపు పండకపోవడం... ఈ రెండూ ఉంటే ఎండోమెట్రియోసిస్ కావచ్చు. ఇది 10 మంది ఆడవాళ్లలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అలాగని వీళ్లెవరికీ పిల్లలు పుట్టరని కాదు.

గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట అండాశయాల మీద, ట్యూబుల చుట్టూ పెరుగుతుంది. అక్కడ వాపు వచ్చి అతుకులు పడతాయి. అండాశయంలో పాత రక్తం గూడు కడితే అదే చాక్లెట్ సిస్టు.

లాప్రోస్కోపీలో చిన్న గాట్లు పెట్టి ఆ పొరను తీసేస్తారు. జబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు దీంతో గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అయితే సిస్టు తీసేటప్పుడు దాంతోపాటు కొన్ని మంచి అండాలూ పోవచ్చు. రెండోసారి ఆపరేషనైతే నష్టం ఇంకా ఎక్కువ. అందుకే అండాల నిల్వ తెలిపే ఎ.ఎం.హెచ్. రక్తపరీక్ష చేస్తారా, నేరుగా ఐ.వి.ఎఫ్. మేలా అని ముందే అడగండి. భర్తకూ వీర్యపరీక్ష చేయించండి. వయసు 35 దాటితే ఆలస్యం వద్దు. పిల్లలు కావాలనుకుంటే, గర్భసంచి తీయించుకోమన్న మాటకు తొందరపడి తలూపకండి. ఇంకో డాక్టరుకు కూడా చూపించుకోండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మొదటి పరీక్షకు అక్కడి ఆసుపత్రిలో స్త్రీల డాక్టరును కలవొచ్చు. కోడలికి పిల్లల్లేరని నలుగురిలో మాటనే బదులు అత్తగారే వెంటబెట్టుకుని తీసుకెళితే ఎంత బాగుంటుంది!